యాభయ్యో గుళిక

ఆ గదికి దారి ఎవరినీ అడగనక్కర్లేదు. సైకాలజీ డిపార్ట్‌మెంట్ మెట్లు దిగి కింది వరండాలోకి వస్తే చాలు, వాసనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. రంపపు పొట్టు, ఫినాయిల్, వాటి అడుగున వెచ్చవెచ్చగా ఎలుకల వాసన. మొదటి వారం అందరూ ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. రెండో వారానికి రుమాళ్ళు సంచుల్లోకి వెళ్ళాయి. మూడో వారానికి అసలు వాసనేముందని ఒకరినొకరు అడిగారు. ఇన్నేళ్ళయినా, వడ్రంగి కొట్టు ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆమె నడక ఇప్పటికీ కాస్త నెమ్మదిస్తుంది.

అప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్ళు. పద్నాలుగు మంది పిల్లలున్న ఊరి బడి నుంచి నూట ఇరవై మంది కూర్చునే హాల్లోకి వచ్చి పడింది. మొదటి రోజు హాజరు పిలిచినప్పుడు ఆమె పలికింది. పలికానని ఆమె అనుకుంది. మేడమ్‌కు వినపడలేదు. రెండోసారి పలికినా వినపడలేదు. వెనక నుంచి ఎవరో, "ఉంది మేడమ్, ఇక్కడే ఉంది, గొంతు ఇంట్లో మర్చిపోయి వచ్చింది" అన్నారు. ఆ సాయంత్రానికల్లా ఆమె పేరు చిట్టిగొంతు అయింది.

అలా అన్నది గడగడ. ఆ పిల్ల మాట్లాడుతుంటే మధ్యలో చీమ దూరే సందు ఉండేది కాదు. ల్యాబ్‌లో జంటలు కలిపినప్పుడు మేడమ్ కావాలనే కలిపారో, కాగితం మీద పేర్లు అలా పడ్డాయో తెలియదు కానీ, చిట్టిగొంతూ గడగడా ఒక జంట అయ్యారు. వాళ్ళకు దొరికింది పదకొండో నంబరు ఎలుక. తెల్లది, ఎడమ చెవి అంచున చిన్న నొక్కు.

"చూడు తల్లీ, మనకో ఒప్పందం," అంది గడగడ మొదటి రోజే. "మాట్లాడాల్సినవన్నీ నేను మాట్లాడతాను. రాయాల్సినవన్నీ నువ్వు రాయి. ఎలుక తినాల్సింది తింటుంది. ముగ్గురం పాసవుతాం."

ఆమెకు అంతకంటే కావాల్సిందేముంది? రాయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. రోజూ పడుకునే ముందు డైరీలో ఒక పేజీ నిండాల్సిందే. నోటితో చెప్పనివన్నీ అందులోకి వెళ్ళేవి.

అయితే డైరీ వేరు, ల్యాబ్ పుస్తకం వేరు అని మొదటి వారంలోనే తెలిసొచ్చింది. "ఎలుక పెట్టెలోకి వచ్చి భయపడింది. తర్వాత ఆశగా మీట వైపు చూసింది. పాపం, దానికి ఏం చెయ్యాలో తోచలేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చింది. మేడమ్ ఎర్ర పెన్ను తీసి 'భయపడింది' కొట్టేశారు. 'ఆశగా' కొట్టేశారు. 'పాపం' మీద రెండు గీతలు పడ్డాయి.

"భయాన్ని నువ్వు చూశావా?" అని అడిగారు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఏం చూశావో అది రాయి. మూలకు వెళ్ళింది, నాలుగు నిమిషాలు కదల్లేదు. అంతే. ఎలుక మనసులో దూరి కాపురం పెట్టకు."

ఆ మాటకు క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్ళందరి పుస్తకాలూ మర్నాటికి ఎర్రగానే తిరిగొచ్చాయి.

బిహేవియర్ అనాలిసిస్ అంటే అదే. జీవి ఏం చేసింది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం దొరికింది. ఈ మూడూ చూసి లెక్కపెట్టడం. పై గదిలో సిద్ధాంతం, కింది గదిలో ఎలుక. పైన 'పునర్బలనం' అని బోర్డు మీద రాసిన బరువైన మాట, కింద మిరియం గింజంత మేత గుళిక. ఎలుక మీట వైపు తల తిప్పితే ఒక గుళిక. రెండడుగులు వేస్తే ఇంకొకటి. ముట్టుకుంటే ఒకటి. చివరికి నొక్కితేనే. గుళిక ఒక్క సెకను ఆలస్యమైతే అది వేరే పని నేర్చుకునేది. పక్క జంట ఎలుక అలాగే మీట నొక్కే ముందు గిర్రున ఒక చుట్టు తిరగడం నేర్చుకుంది. "మీ ఎలుకకు నాట్యం వచ్చింది, మాదానికి చదువొచ్చింది" అని గడగడ వాళ్ళను వారం రోజులు ఏడిపించింది.

హాస్టల్ వరండాలో ఫోను ఉండేది. ఆదివారాలు ఇంటికి మాట్లాడేది. ఆమె నాన్న కాటాలు బాగుచేసేవాడు. కొట్లవాళ్ళు పట్టుకొచ్చిన తూకం యంత్రాలు ఇంటి ముందు గదిలో వరసగా ఉండేవి. పళ్ళేలు కడగడం, ముళ్ళు సరిచెయ్యడం చూస్తూ ఆమె పెరిగింది. ఫోను ముందు అమ్మమ్మ చేతిలోకి వెళ్ళేది.

"ఏమే, ఎలుక ఎంతవరకు చదివింది?"

"మీట నొక్కుతోంది అమ్మమ్మా."

"మా ఇంట్లోవి బియ్యం డబ్బా మూత తీస్తున్నాయి. వాటికి ఏ యూనివర్సిటీ చెప్పింది?"

అవతల నాన్న నవ్వు వినపడేది. ఆ వారమంతా ఆమె వినే నవ్వుల్లో ఆ నవ్వొక్కటీ వేరుగా ఉండేది.

మూడో నెలలో విలుప్తి ప్రయోగం వచ్చింది. అంటే ఇన్నాళ్ళూ మీట నొక్కితే పడిన గుళిక ఇక పడదు. ఎలుక ఎన్నిసార్లు నొక్కి, ఎంతసేపటికి మానేస్తుందో చూడాలి. పెట్టె పక్కన గీత యంత్రం ఉండేది. కాగితం చుట్ట మెల్లగా తిరుగుతుంటే, ఎలుక నొక్కినప్పుడల్లా పెన్ను ఒక మెట్టు పైకెక్కేది. గబగబా నొక్కితే గీత కొండలా లేచేది. మానేస్తే నేలలా సాగేది. పది నిమిషాలు నేలలా సాగితే ప్రయోగం అయిపోయినట్టు.

ఆ రోజుకో పద్ధతి ఉంది. గుళికలు వెయ్యకపోయినా, గిన్నెలో యాభై లెక్కపెట్టి పక్కన పెట్టాలి. చివర్లో మళ్ళీ లెక్కపెట్టి యాభై ఉన్నాయని పుస్తకంలో రాయాలి. ఒక్కటి కూడా పెట్టెలో పడలేదనడానికి అదే సాక్ష్యం. ఆ అంకె రాయడం ఒక్కటే గడగడ పని. అన్నీ నువ్వే రాస్తే నా దస్తూరీ ఎవరు చూస్తారు అని అడిగి తీసుకుంది.

పదకొండో నంబరు మొదటి పావుగంట దబదబా నొక్కింది. పెట్టెలోని మేత గిన్నెలో మూతి పెట్టి చూసింది. మళ్ళీ నొక్కింది. మీటను కొరికింది. నెమ్మదించింది. నలభయ్యో నిమిషం దాటాక మూలకు వెళ్ళి కూర్చుంది. గీత నేల మీద పడుకుంది.

"కాగితం అయిపోతోంది," అంది గడగడ. "తాతనడిగి చుట్ట తెస్తాను. నువ్వు కళ్ళార్పకు."

తాత అంటే ఎలుకల బోన్లు చూసుకునే ముసలాయన. స్టోరు తాళం ఆయన మొలలో ఉండేది, ఆయన ఎక్కడుండేవాడో ఎవరికీ తెలిసేది కాదు.

గదిలో ఆమె ఒక్కతే. ఆరు నిమిషాలు. ఏడు. ఎనిమిది. తొమ్మిదో నిమిషంలో పదకొండు లేచింది. మీట దగ్గరికి వచ్చింది. ఒక ముందుకాలు మీట మీద పెట్టింది, నొక్కలేదు. కాలు అలాగే ఉంచి, తల ఇటు తిప్పింది. అద్దానికి అటు అది, ఇటు ఆమె.

ఆమె చెయ్యి గిన్నెలోకి వెళ్ళింది. పెట్టె మూత మీది కన్నంలోంచి ఒక గుళిక జారవిడిచింది. అంతా కలిపి రెండు సెకన్లు. గుళిక ఇనప గిన్నెలో టక్కున పడిన చప్పుడుకు ఎలుక కంటే ఆమే ఎక్కువ ఉలిక్కిపడింది.

ఎలుక తింది. వెంటనే నొక్కింది. నొక్కుతూనే ఉంది. గడగడ చుట్టతో తిరిగొచ్చేసరికి పడుకున్న గీత లేచి కొండెక్కుతోంది.

"ఏమైంది?"

ఆమె నోరు తెరిచింది. ఆ సందులో గడగడ దూరిపోయింది.

"దానంతట అదే మళ్ళీ మొదలెట్టిందా? తొమ్మిది నిమిషాల తర్వాత? ఏయ్, ఇది చూశావా, ఇంత నిటారుగా ఎవరి కాగితంలోనూ లేదు. ఇది మానెయ్యడం కాదే, విశ్రాంతి. కూర్చుని ఓపిక తెచ్చుకుంది. మనం కనిపెట్టాం."

అరవై నాలుగుసార్లు నొక్కింది పదకొండు. చివర్లో గడగడ గుళికలు లెక్కపెట్టింది. ఒకసారి. కాస్త ఆగి ఇంకోసారి. పుస్తకంలో 'యాభై' అని రాసింది. చిట్టిగొంతు బల్ల మీదున్న గీతనే చూస్తూ కూర్చుంది, ఆ అంకె చూడలేదు.

మర్నాడు చెబుదామనుకుంది. మర్నాటికి గడగడ నాలుగు పేజీల వ్యాసం తయారుచేసింది. ఆ మర్నాడు చెబుదామనుకుంది. అప్పటికి మేడమ్ చూసి, "ఒక్కసారి జరిగిందాన్ని నేను నమ్మను. కానీ శుక్రవారం అందరి ముందు పెట్టండి, ఏమడుగుతారో చూద్దాం" అన్నారు. ఏటా ఒక శుక్రవారం డిపార్ట్‌మెంటంతా కూర్చునేది. అందులో బాగా నిలబడ్డ ఒక్కరిని మేడమ్ మరుసటి ఏడాది తన పరిశోధనలోకి సాయానికి తీసుకునేవారు.

"ఆ చోటు నాకు రాకపోతే నా గతి తెలుసా?" అంది గడగడ, భోజనాల బల్ల దగ్గర. "మామయ్య చెప్పుల షాపు. మా ఇంట్లో మాటయిపోయింది. డిగ్రీ అవగానే వచ్చి కూర్చోమన్నాడు. రోజంతా జనం కాళ్ళు చూస్తూ. ఎలుకలే నయం, సైజు మార్చమని అడగవు."

ఆమె నవ్వలేకపోయింది. ఆ రోజు డైరీలో మూడు పేజీలు రాసింది, అన్నీ తిట్లే, తనకు తానే.

ఆదివారం కాకపోయినా, గురువారం ఇంటికి ఫోను చేసింది. అమ్మమ్మ గుడ్డలు ఆరేస్తోందట, నాన్నే ఎత్తాడు.

"నాన్నా, నీ కాటాల్లో... తూకం వేసేటప్పుడు పళ్ళేనికి పొరపాటున వేలు తగిలితే?"

"మళ్ళీ తూస్తాం."

"సరుకు పట్టుకుని వాళ్ళు వెళ్ళిపోతే?"

"ఎవరి వేలు?" అన్నాడు.

ఆమె చెప్పలేదు. నాన్న అడగలేదు. "గట్టిగా పిలిస్తే వెనక్కి వస్తారులే," అన్నాడు. "దూరం పోకముందే పిలవాలి."

శుక్రవారం హాలు నిండింది. గడగడ అద్భుతంగా చెప్పింది. గీత కాగితాన్ని గోడకు అతికించి, తొమ్మిదో నిమిషం దగ్గర కర్ర పెట్టి, కథ చెప్పినట్టు చెప్పింది. చప్పట్లు కూడా పడ్డాయి. మేడమ్ మాత్రం లేచి కాగితం దగ్గరికి వెళ్ళి, వంగి చూశారు.

"ఈ నిమిషంలో పెట్టె దగ్గర ఎవరున్నారు?"

గడగడ మాట మొదటిసారి ఆగింది. "నేను చుట్ట కోసం వెళ్ళాను మేడమ్. తనుంది."

హాల్లో తలలన్నీ తిరిగాయి. ఆమె లేచి నిలబడింది.

"గుళిక వేశాను," అంది.

"వినపడలేదు."

"ఒక గుళిక వేశాను మేడమ్." ఈసారి గొంతు హాలు చివరి గోడకు వెళ్ళి తగిలింది. అది తన గొంతేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"ఎందుకు?"

"పాపం అనిపించింది."

హాలు గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు.

"ఎందుకని అడగడం నా తప్పు. నేనే నేర్పి నేనే మర్చిపోయాను. దానికి ముందు ఏం జరిగింది, అది చెప్పు."

"మీట మీద కాలు పెట్టింది. నొక్కలేదు. నా వైపు తల తిప్పింది. నేను వేశాను."

"అది బాగుంది," అన్నారు మేడమ్. "అది రాయి." తర్వాత లెక్కల పుస్తకం తిప్పారు. "ఇక్కడ యాభై అని ఉందే?"

"సరిగ్గా లెక్కపెట్టలేదేమో మేడమ్," అంది గడగడ, కిందకు చూస్తూ.

మేడమ్ ఆ ముఖాన్ని కాసేపు చూసి పుస్తకం మూసేశారు. ఆ ఏడాది చోటు ఎవరికీ ఇవ్వలేదు. వీళ్ళిద్దరికీ మాత్రం పని చెప్పారు. పదకొండో నంబరుకూ, ఇంకో ఎలుక పద్నాలుగో నంబరుకూ మళ్ళీ మొదటి నుంచి నేర్పి, విలుప్తి పెట్టి, ఒకదానికి తొమ్మిదో నిమిషంలో కావాలనే ఒక గుళిక వేసి, రెండోదానికి వెయ్యకుండా చూడాలి. ఇద్దరూ కలిసే చెయ్యాలి.

అలా మొదలైంది ఆ మౌనం. అంత మాటల పుట్ట, నోటికి తాళం వేసేసింది. ల్యాబ్‌లో కావాల్సినవి చీటీ మీద రాసేది. 'చుట్ట.' 'గడియారం.' 'నీళ్ళ సీసా.' పొట్టు మారుస్తూ తాత ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమ్మా, ఆ అమ్మాయికి గొంతు నొప్పా?"

చిట్టిగొంతు తలూపింది.

"నువ్వు మాట్లాడకపోతే ఒక అర్థముంది. ఆ అమ్మాయి మాట్లాడకపోతే ఎలుకలకు నిద్ర పట్టదు," అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

పై హాల్లో ఆమె రోజూ రెండో వరసలో కూర్చుని, పక్క చోట వేరెవరూ కూర్చోకుండా తన సంచి పెట్టేది. ఇదివరకు అది గడగడ చోటు. గడగడ వచ్చేది, ఆ సంచిని చూసేది, వెళ్ళి వెనక వరసలో కూర్చునేది. మర్నాడు మళ్ళీ సంచి అక్కడే ఉండేది. ఆ రోజుల డైరీ పేజీలు ఇప్పటికీ ఆమె దగ్గరున్నాయి. 'నాలుగో రోజు. వచ్చింది. సంచి చూసింది. వెనక కూర్చుంది.' 'ఐదో రోజు. వచ్చింది. చూడలేదు. వెనక కూర్చుంది.' అలిగింది అని రాయలేదు. నన్ను అసహ్యించుకుంటోంది అని రాయలేదు. అవి ఆమె చూడలేదు. డైరీలో కూడా ఎర్ర పెన్ను ఎప్పుడు దూరిందో ఆమెకే తెలియదు. చిత్రమేమిటంటే అలా రాస్తే ఏడుపు తక్కువగా వచ్చేది.

ఇప్పుడు ఆమె పనిచేసే చోట ఎలుకలు లేవు. మాటలు ఇంకా రాని చిన్నపిల్లలుంటారు. ఎత్తు తక్కువ బల్లలు, చెక్క దిమ్మెలు, గోడ మీద ఒక్కో పిల్లకూ ఒక్కో గీత. కొత్తగా చేరినవాళ్ళు పుస్తకంలో 'పాపం' అని రాస్తే ఆమె కొట్టేస్తుంది. ఒక్క గీతే కొడుతుంది. ఆ పాపను ఎత్తుకోవద్దని మాత్రం ఎవరికీ చెప్పదు.

ఆ మౌనంలో పన్నెండో రోజు విలుప్తి ప్రయోగం వచ్చింది. పద్నాలుగో నంబరు పదినిమిషాలు కదలకుండా కూర్చుంది. దాని గీత నేలలా సాగి అక్కడితో ముగిసింది. పదకొండు మూలకు వెళ్ళింది. తొమ్మిదో నిమిషంలో గడగడ గిన్నె తీసి ఆమె ముందుకు జరిపింది. గుళిక ఆమే వేసింది. పదకొండు తింది, మీట మీద పడింది. పెన్ను టకటకా మెట్లెక్కింది. అచ్చం ఆ రోజులాగే, అదే కొండ. యాభై ఎనిమిదిసార్లు.

ప్రయోగం అయ్యాక గడగడ గిన్నె ముందు పెట్టుకుని గుళికలు ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లెక్కపెట్టింది. పన్నెండు రోజులుగా ఆ గదిలో గీత యంత్రం, నీళ్ళ సీసాలు తప్ప ఏ చప్పుడూ లేదు.

"నలభై తొమ్మిది," అంది పైకి.

ఆమె తలూపింది. ఈసారి అంతే ఉండాలి.

"ఆ రోజు కూడా నలభై తొమ్మిదే."

ఆమె తలెత్తింది.

"రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ నలభై తొమ్మిదే వచ్చింది. యాభై అని రాశాను." గడగడ గుళికల వైపే చూస్తోంది. "నువ్వు వేశావని తెలియదు. ఎక్కడో ఏదో జరిగిందని తెలుసు. కింద పడిందేమో అనుకున్నాను. వెతకలేదు. వెతికితే కనపడుతుందని వెతకలేదు."

"నాతో మాట్లాడనిది..."

"నీ మీద కోపంతో కాదే. నువ్వు అక్కడ లేచి నిలబడ్డావు. నీకు, నీ గొంతుకి అంత సాధ్యమైంది. నాకింత నోరుండి..." మాట మధ్యలో ఆగింది. ఆ సందులో చీమ కాదు, ఏనుగు దూరేంత చోటుంది. చిట్టిగొంతు దూరలేదు. ఊరికే కూర్చుంది. మూడు నెలల్లో ఆమె నేర్చుకున్న పని అదొక్కటే, తొందరపడి గుళిక వెయ్యకపోవడం.

గడగడ ముక్కు తుడుచుకుంది. పాత పేజీ తిప్పి 'యాభై' మీద ఒక గీత కొట్టి, పక్కన 'నలభై తొమ్మిది' అని రాసి, కింద సంతకం పెట్టింది. అది పట్టుకుని మేడమ్ గదిలోకి ఒక్కతే వెళ్ళింది. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. బయటకు వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నడక తేలిగ్గా ఉంది. చోటు మాత్రం రాలేదు. డిగ్రీ అయ్యాక చెప్పుల షాపులోనే కూర్చుంది, ఇప్పటికీ అక్కడే ఉంది. వచ్చినవాళ్ళు ఏ జత దగ్గర ఎంతసేపు నిలబడతారో లెక్కపెట్టి అరలు మారుస్తుందట. మామయ్య నోరెళ్ళబెట్టాడట. ఇదంతా ఫోనులో గంటసేపు ఊపిరి తీసుకోకుండా చెబుతుంది.

గడగడ మేడమ్ గదికి వెళ్ళొచ్చిన మర్నాడు ఉదయం ఆమె ఎప్పటిలాగే రెండో వరసలో కూర్చుని, పక్కన సంచి పెట్టింది. గంట కొట్టారు. జనం వస్తున్నారు. ఆమె వెనక్కి తిరగలేదు.

ఆ రోజు డైరీలో ఉన్నది రెండు లైన్లే. 'పదమూడో రోజు. వచ్చింది. సంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. "జరుగు" అంది. నేను జరిగాను.'